గండమునకు గట్టు

చిరంజీవి కుమారికి,

మీ ఊరి బావులకును చెఱువురేవునకును రక్షణ కల్పించుటకై నీవు సిద్ధపఱచిన గ్రాంటు దరఖాస్తు చేరినది. రెండు మాఱులు చదివితిని. మొదటి పుట యంతయు ప్రపంచములో నీట మునిగి మరణించువారి లెక్కలతో నిండియున్నది గాని, మీ ఊర బావులెన్ని, వానిలో పిట్టగోడ లేనివెన్ని, బడిదారి ప్రక్కనున్నవెన్ని యను మాట యొక్కటియు కానరాదు. నిధి నిచ్చువానికి ప్రపంచము సంగతి ముందే తెలియును; తెలియనిది మీ ఊరే.

పసివాడు బావిలో పడినపుడు, "వాడికి నీటిగండం ఉందని జాతకంలోనే ఉంది" అని కన్నులొత్తుకొని ఊరకుండుట మన పల్లెలలో పరిపాటి. శోకార్తులను ఆ మాట ఓదార్చునేమో. బావి మాత్రము అట్లే నోరు తెఱచుకొనియుండును. గండము గట్టెక్కుట యని పలికినవారును మనవారే గదా! ఆ గట్టును ఇటుకతో సున్నముతో కట్టవలెనని మాత్రము మఱచితిమి. 1966లో అమెరికా రహదారి భద్రతాశాఖకు ప్రథమాధిపతియైన విలియం హాడన్ అను వైద్యుడు, ప్రమాదము దైవికమను భావమును త్రోసిపుచ్చి, దానిని ముందు, అప్పుడు, తరువాత అని మూడు ఘట్టములుగా విడదీసి, ప్రతి ఘట్టమునందును మనుష్యుడు చేయి పెట్టదగిన చోటు కలదని చూపెను. మీ రేవునకు దానిని అన్వయించి చూడుము. ముందు కంచె, అప్పుడు గట్టున వేలాడు త్రాడును గాలి నింపిన లారీ ట్యూబును, తరువాత, బిడ్డను కాళ్లు పట్టి గిరగిర త్రిప్పక, నోట ఊపిరి యూది, ఱొమ్ము నొక్కి, 108కి కబురు చేయ నేర్చిన పదిమంది. నీ దరఖాస్తులో ఈ మూడును లేవు. ఉన్నవి పండ్రెండు అవగాహన సదస్సులు, ఫ్లెక్సీలు, అతిథులకు శాలువలు! శాలువ కప్పుకొన్న అతిథి బావికి అడ్డుగా నిలుచునా, తల్లీ?

న్యూయార్కు నగర ఆరోగ్యశాఖవారు 1972లో, మేడల కిటికీలనుండి పిల్లలు జారిపడి మరణించుట చూచి, తల్లులకు ఉపన్యాసములతో సరిపుచ్చక, పసిపిల్లలున్న ఇండ్లకు కిటికీ కమ్మీలను ఉచితముగా పంచిరి. పడువారి సంఖ్య తగ్గుట లెక్కలతో రుజువయ్యెను. 1976లో ఆ కమ్మీలను ఇంటి యజమానులే అమర్చవలెనని శాసనమే వచ్చెను. బంగ్లాదేశమున పల్లెతల్లులు ఇంటిపనిలో మునిగియుండు ఉదయవేళనే బిడ్డలు గుంటలలో పడుచున్నారని కనిపెట్టి, ఒకటినుండి ఐదేండ్ల లోపు వారిని ఉదయము 9 గంటలనుండి మధ్యాహ్నము 1 గంట వరకు ఊరిలోనే ఒకామె సంరక్షణలో నుంచు 'ఆంచల్' అను శిశుగృహములను నెలకొల్పిరి. దాతల ధనముతో మొదలైన ఆ పద్ధతిని 2022లో ఆ ప్రభుత్వమే స్వీకరించి, 16 జిల్లాలలో 8,000 కేంద్రములకు అనుమతి నొసగెను. దాత యిచ్చు ధనము విత్తనపు గింజ వంటిది. అది మొలచి ఎవరి పద్దులో పంటయగునో ముందే యోచించి వ్రాయవలెను.

ఇక ధనమెచటనుండి వచ్చుననగా, నీవు పేర్కొన్న కంపెనీల నిధి మంచిదే. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను క్రిందికి వచ్చు పెద్ద సంస్థలు గత మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండువంతులు సమాజహితమునకు (సి.ఎస్.ఆర్.) వెచ్చింపవలెను. రోగనివారణయు గ్రామాభివృద్ధియు అందు చేరినవే. అయితే ఆ ధనమును పొందు సంఘమునకు మూడేండ్ల అనుభవము, ఆదాయపు పన్నుశాఖవారి 12ఏ, 80జీ నమోదులు, సి.ఎస్.ఆర్–1 నమోదు ఉండవలెను. నిరుడు పుట్టిన మీ యువజనసంఘమునకు అవి లేవు. కనుక పాత సంఘమొకదానిని ముందు నిలుపుకొని, మీరు పని చేయువారుగా ఉండుడు. పార్లమెంటు సభ్యులకు 1993నుండి ఉన్న నియోజకవర్గ నిధి, ఇప్పుడు సాలునకు 5 కోట్లు, రేవుకంచె వంటి స్థిరమైన ప్రజోపయోగ నిర్మాణమునకు దొరకును. శిశుగృహపు ఆయా జీతమునకు దొరకదు, ఒకని సొంత పొలములోని బావికిని దొరకదు. ఏ పని ఏ సంచినుండి యని వేర్వేఱుగా వ్రాయుము.

నా తప్పొకటి చెప్పెద. ఏండ్ల క్రిందట నేను వ్రాసిన దరఖాస్తుకు సొమ్ము వచ్చి, మూడు బావులకు చక్కని పిట్టగోడలు లేచినవి. ఫొటోలు తీయించి నివేదిక పంపి మురిసితిని. మఱుసటి వేసవిలో నీరు అడుగంటగా మోటారు దింపుటకై ఒక గోడను ఒకవైపు పగులగొట్టిరి. మరల కట్టినవారు లేరు. రైతు పంచాయతీని చూపెను, పంచాయతీ నన్ను చూపెను, నేను నా బడ్జెటు కాగితమును చూచుకొంటిని. అందు మరమ్మతునకు ఒక్క రూపాయియు లేదు.

కావున ఈ ఆదివారము నోటుపుస్తకము తీసికొని, ఊరి మేస్త్రీని వెంటబెట్టుకొని బావులన్నియు తిరుగుము. ఏ బావికెన్ని ఇటుకలు పట్టునో, మోటారు దింపుటకు తీసి పెట్టదగిన ఇనుప తలుపు ఎంతగునో ఆయననే అడిగి వ్రాసికొనుము. గడచిన ఐదేండ్లలో ఎవరు, ఏ వేళ, ఎక్కడ పడిరో ఇంటింట అడుగుము. ఆ ఇండ్లలో కలము తీయక, ముందు కూర్చుండి వినుము. రెండవ ప్రతిలో శాలువల పద్దు తీసివేసి పంపుము.

ఇట్లు,
నీ పెదనాన్న