నాణేల ముద్రలు – ప్రాత క్రొత్తల తారతమ్యం

నాణెం ప్రతిదినమూ మన చేతులు మారే వస్తువు. దాని విలువను లెక్కించేవారు కోటానుకోట్లు. దాని ముఖాన్ని నిదానించి చూసేవారు బహుకొద్దిమంది. ఆ కొద్దిమందిలో, అనగా నాణేల సేకర్తలలో, చిరకాలంగా ఒక వివాదం గలదు. ప్రాచీన నాణేలలోని కళ ఆధునిక నాణేలలో లేదని ఒక పక్షం వాదిస్తుంది. నాణెం అలంకారం కాదు, సాధనం. వాడుకకు అనువుగా ఉంటే చాలునని రెండవ పక్షం వాదిస్తుంది. ఈ రెండు వాదాలనూ మన తెలుగుసీమలో చెల్లిన నాణేల ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి పక్షంవారు ముందుగా చూపేది విజయనగర వరాహాన్ని. సుమారు 3.4 గ్రాముల బరువు గల ఈ చిన్న బంగారు బిళ్ళపై రెండవ హరిహరరాయలు ఉమామహేశ్వరులను, శ్రీకృష్ణదేవరాయలు బాలకృష్ణుని, అచ్యుతరాయలు ఏనుగులను పట్టి ఎగురుతున్న గండభేరుండాన్ని ముద్రింపజేశారు. వ్రేలిగోరంత స్థలంలో ఒక కథ చెప్పడం ఆ కమ్మరి చేసిన సాహసం. ప్రతి అచ్చునూ చేతితోనే చెక్కేవారు గనుక ఏ రెండు అచ్చులూ ఒక్కతీరున ఉండవు. ఆ చిన్న తేడాలే సేకర్తకు ఆనందం.

బొమ్మ లేని నాణేనికి అందం లేదనుకోవడం పొరపాటు. గోల్కొండ కుతుబ్‌షాహీల రాగినాణేలపై అక్షరమే అలంకారం. అబ్దుల్లా కుతుబ్‌షా హిజ్రీ 1068 (క్రీ.శ. 1657–58) నాటి నాణెంపై ‘శుభంగా, సౌభాగ్యంతో ముగిసినది’ అనే అర్థం గల వాక్యం కానవస్తుంది. జమ్మలమడుగుకు చేరువనున్న గండికోట పెమ్మసాని నాయకుల నుండి గోల్కొండ ఏలుబడిలోకి వచ్చినది ఈ సుల్తాను కాలంలోనే. తరువాతి కాలంలో నిజాం ప్రభుత్వపు చార్మినారు రూపాయి వచ్చింది. చార్మినారు ద్వారంలో మహబూబ్ అలీఖాన్ కాలాన ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ కాలాన ‘ఐన్’ అక్షరం ఇమిడ్చారు. ఒక్క అక్షరంతో ప్రభువు పేరు తెలిపిన ఈ పద్ధతిని సేకర్తలు నేటికీ మెచ్చుకుంటారు.

అయితే పాతముద్రల గొప్పతనం అందంలో మాత్రమే లేదు. జనుల నమ్మకంలో ఉన్నది. 1779 ప్రాంతంలో కడప సీమను గెలిచిన హైదరాలీ తన బంగారు హొన్నుపై ఒకవైపు శివపార్వతుల బొమ్మను అలాగే ఉంచి, రెండవవైపు తన పేరులోని మొదటి అరబ్బీ అక్షరాన్ని వేయించాడు. బజారులో రైతూ వర్తకుడూ ఎరిగిన ముఖాన్ని మార్చడం మంచిది కాదని ఆయన ఎరుగును. క్రొత్త నాణేలు చేసేవారు మరువరాని పాఠమిది.

మరొక నాణెం మన కళాశాలవంటి విద్యాసంస్థలవారు ప్రత్యేకంగా చూడదగినది. 1906 ప్రాంతం నుండి 1947 వరకు వెలువడిన అంచులు వంపులు తిరిగిన అణా బిళ్ళపై దాని విలువ ఆంగ్లంతోపాటు నాగరి, బంగ్లా, ఉర్దూ, తెలుగు లిపులలో ఉన్నది. ‘ఒక అణా’ అన్న తెలుగు మాటా, దాని ఉర్దూ మాటా ఒకే బిళ్ళపై నిలిచాయి. పరాయి ప్రభుత్వపు నాణెమే అయినా సంతకు వచ్చినవాడు తన లిపిలో తన సొమ్మును చదువుకోగలిగాడు.

1950లో స్వతంత్ర భారత నాణేలు వెలువడ్డాయి. రాజు తల స్థానంలో అశోకస్తంభపు సింహాలు, రూపాయిపై పులి స్థానంలో ధాన్యపు కంకులు వచ్చాయి. కాని ప్రాంతీయ లిపులు తొలగి, హిందీ, ఆంగ్లం మాత్రమే మిగిలాయి. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చింది. అటుపై వచ్చిన అల్యూమినియం పైసలను పాతనాణేల ప్రియులు తేలికైనవని చిన్నచూపు చూస్తారు. అది సరి కాదు. పైసా చతురస్రం, రెండు పైసలు వంపుల అంచు, మూడు పైసలు షట్కోణం. చీకటిలోనైనా చేతి స్పర్శతోనే వాటిని గుర్తించవచ్చు. సామాన్యునికి ఇంతకంటె మేలైన రూపకల్పన ఏది?

ఈ గుణాన్ని తరువాతి నాణేలు కొంతకాలం పోగొట్టుకున్నాయి. 2007లో వచ్చిన నాణేలపై రూపాయికి ఎత్తిన బొటనవ్రేలు, రెండు రూపాయలకు రెండు వ్రేళ్ళు వేశారు. అక్షరం రానివానికి సైతం విలువ తెలియాలన్న ఆలోచన మంచిదే. కాని అంతకుముందు పదకొండు మూలలతో ఉన్న రెండు రూపాయల నాణెం అప్పటికి గుండ్రనైనది. 2011లో వచ్చిన రెండు రూపాయల నాణెం 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. 1992 నుండి చెల్లుతున్న ఉక్కు రూపాయి కొలతలూ సరిగ్గా అవే! కంటిచూపు లేనివారికి, ముసలివారికి ఇది ఎంత ఇబ్బందో ఊహించవచ్చు. 2019లో చూపులేనివారికి అనువుగా విలువ పెరిగేకొద్దీ పరిమాణమూ బరువూ పెరిగే నాణేలను, పన్నెండు భుజాల ఇరవై రూపాయల నాణేన్ని వెలువరించి ఈ లోపాన్ని చాలవరకు సవరించారు.

కనుక ప్రాతదంతా మేలనీ, క్రొత్తదంతా హీనమనీ అనడానికి వీలు లేదు. బొమ్మ కంటికి, ఆకారం చేతికి, లిపి మనసుకు అందాలి. మూడూ కుదిరిన నాణెమే ఉత్తమమైనది. వరాహం మొదటిదానిలో, పైసా రెండవదానిలో, అణా మూడవదానిలో మనకు గురువులు.

కడపటగా విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. మన సీమలో దున్నకాల్లోనో పునాదుల్లోనో పాతనాణేలు దొరకడం అరుదు కాదు. బంగారమైతే అది ప్రొద్దుటూరు అంగడిలో కరగి కాసులపేరు కావచ్చు. బంగారం మిగులుతుంది, చరిత్ర మాత్రం మూసలోనే పోతుంది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. రాగినాణెం దొరికితే చింతపండుతో తోమకండి; పైపొరతోపాటు అక్షరాలు కూడా అరిగిపోతాయి. ఎక్కడ, ఎంత లోతున, వేటితో కలిసి దొరికినదో వ్రాసి ఉంచండి. ఇంట్లో తాతమ్మల పెట్టెలో ఒక అణా బిళ్ళ ఉంటే దాని బొమ్మా బొరుసూ ఒకసారి తిప్పి చూడండి. మన రెండు భాషలూ అక్కడ ప్రక్కప్రక్కనే మిమ్ములను పలుకరిస్తాయి.