ఒకే గేరు సైకిలు – పళ్ళ లెక్క

వేములవాడ దగ్గర నాంపల్లి గుట్ట ఉంది. చదును నేలపై హాయిగా సాగే సైకిలు గుట్టదారిలో ఎందుకు మొరాయిస్తుంది? గేర్లు మార్చే వీలుంటే సరే. ఒకే గేరున్న మౌంటెన్ సైకిలైతే కొనేముందే దాని పళ్ళు లెక్కపెట్టాలి!

పెడలు దగ్గరి పళ్ళచక్రానికి 32 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 16 పళ్ళు ఉన్నాయనుకోండి. 32 ÷ 16 = 2. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. 26 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. కనుక సైకిలు 4 మీటర్లు పోతుంది.

వెనక 20 పళ్ళుంటే? 3.2 మీటర్లే పోతుంది. కాని తొక్కడానికి మునుపటి బలంలో అయిదింట నాలుగు వంతులు చాలు. పని మాత్రం తగ్గదు, ఎక్కువసార్లు తొక్కాలి.

గుట్టదారులు ఎక్కువైతే వెనక ఎక్కువ పళ్ళున్నది, చదును రోడ్డుకు తక్కువ పళ్ళున్నది ఎంచుకోండి. ఎత్తు రాకముందే వేగం అందుకోండి. అవసరమైతే సీటుపై నుంచి లేచి, శరీరం బరువు పెడలుపై మోపండి. మోకాళ్ళు నొప్పి పుడితే దిగి నడిపించండి. అందులో సిగ్గేమీ లేదు. దిగుడులో రెండు బ్రేకులూ మెల్లగా నొక్కండి.

మీ సైకిలు పెడలు ఒక చుట్టుకు ఎంత దూరం పోతుంది? ముందు లెక్కకట్టండి. తర్వాత నేలపై సుద్దతో గీతలు గీసి కొలవండి. రెండూ సరిపోయాయా?