ఎండిన బోరులో పైపు దించితే ఏసీ బిల్లు తగ్గుతుందా? జియోథర్మల్ హీట్ పంప్ అసలు లెక్క

మాది చిలమత్తూరు. కొత్త ఇల్లు కడుతున్న మా చిన్నాయన ఒక వీడియో చూసి నన్ను అడిగాడు: "నీళ్లు పడని బోరు ఊరికే ఉంది కదరా, అందులో పైపు దించితే ఏసీ బిల్లు తగ్గుతుందంట, నిజమేనా?" మా వైపు ఇలాంటి బోర్లకు కొదవ లేదు. అందుకే డబ్బు పెట్టకముందే లెక్క చూద్దాం.

ఎలా పనిచేస్తుంది?

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, గదిలోని వేడిని తీసి బయట పారేస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బయట గాలే 39, 40 డిగ్రీలుంటే కంప్రెసర్ ఎక్కువ కష్టపడాలి. భూమిలో 10 మీటర్లు దాటితే ఉష్ణోగ్రత ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. మా పీఠభూమిలో అది సుమారు 26, 27 డిగ్రీలు. బోరులోకి ప్లాస్టిక్ పైపును 'యు' ఆకారంలో దించి, అందులో నీళ్లు తిప్పుతూ వేడిని నేలలోకి వదలడమే జియోథర్మల్ హీట్ పంప్ పని. పైపులో తిరిగేది అదే నీరు, భూగర్భ జలాన్ని తోడదు.

మణుగూరు దగ్గర సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల జియోథర్మల్ ప్లాంట్‌తో దీన్ని కలపకండి. అక్కడ భూమిలోంచి వచ్చే వేడి నీటితో కరెంటు తీస్తారు. ఇక్కడ కరెంటు రాదు, ఖర్చు మాత్రమే తగ్గుతుంది.

బోరు ఎంత లోతు కావాలి?

1.5 టన్ను ఏసీ గదిలోంచి సుమారు 5.3 కిలోవాట్ల వేడి లాగుతుంది. కంప్రెసర్ వేడి కూడా కలిపితే నేలలోకి పోవాల్సింది 6.4 కిలోవాట్లు. మంచి రాతిలో మీటరుకు 50 వాట్లు పోతాయనుకుంటే 128 మీటర్లు, అంటే 420 అడుగులు కావాలి. అదీ ఒక్క గదికే!

అసలు చిక్కు: మనకు చలికాలం లేదు

అమెరికాలో ఇండియానాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ సుమారు 3,600 బోర్లతో క్యాంపస్ మొత్తానికి ఇదే పద్ధతి వాడుతోంది. వేసవిలో నేలలో దాచిన వేడిని చలికాలంలో గదులకు వెనక్కి తెచ్చుకుంటారు, లెక్క సరిపోతుంది. మనకు హీటర్ అవసరమే లేదు. ఏటా వేడి వేయడమే తప్ప తీయడం లేదు కాబట్టి, బోరు చుట్టూ రాయి మెల్లగా వేడెక్కి లాభం తగ్గిపోతుంది.

మరి ఎండిన బోరు?

అందులో ఉన్నది గాలి, గాలి వేడిని సరిగా పంపదు. కింది నుంచి పైదాకా బెంటొనైట్ మిశ్రమంతో నింపాలి. నింపాక ఆ బోరు ఇంకెందుకూ పనికిరాదు. ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూ వాన పడే జిల్లాలో, ఇంటి మీది వాననీటిని వడగట్టి ఆ బోరులోకి దించడమే ఎక్కువ లాభం. అదీ చేయకపోతే ఖాళీగా వదలొద్దు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలి. ఇది పిల్లల ప్రాణాల విషయం.

అదే డబ్బుతో ఏం చేయొచ్చు?

- పైకప్పు: ముందు తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. వేడి లోపలికి రాకుండా ఆపడం, వచ్చాక తోడటం కన్నా చవక.
- ఫ్యాన్లు: పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల చుట్టూ చాలు.
- ఏసీ: 5 స్టార్ ఇన్వర్టర్ తీసుకోండి. అదీ ఒక హీట్ పంపే, కాకపోతే గాలితో పనిచేస్తుంది.
- వేడి నీళ్లు: రోజుకు 200 లీటర్లను 25 నుంచి 45 డిగ్రీలకు తేవడానికి మామూలు గీజర్ సుమారు 4.7 యూనిట్లు తీసుకుంటుంది. గాలి నుంచి వేడి లాగే హీట్ పంప్ గీజర్‌కు 1.6 చాలు. ఇల్లు పెద్దదైతేనే కొనండి.

నా వెర్డిక్ట్: టెక్నాలజీ నిజమే, మోసం కాదు. ఏడాదంతా వేడి నీళ్లు వాడే హాస్టల్, ఆస్పత్రి లాంటి చోట నేలలోని వేడిని తిరిగి వాడుకోవచ్చు కాబట్టి ఆలోచించొచ్చు. చిలమత్తూరులో రెండు బెడ్‌రూముల ఇంటికి మాత్రం స్కిప్ చేయండి. బోరును వాననీటికి వదిలేయండి.