కీలు పొర కూడా దాడిలో భాగస్వామే

ప్రశ్న: నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. రోగనిరోధక కణాలే కీళ్ల మీద దాడి చేస్తాయంటారు. వాటిని అణిచే మందులు వాడుతున్నా వేళ్ల వాపు పూర్తిగా ఎందుకు తగ్గడం లేదండీ?

జవాబు: కీలు లోపలి పొరలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలు దెబ్బలు తిని ఊరుకునే రకం కావు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పొర పైవరుస ఒకటి నుంచి మూడు కణాల మందమే. మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు వదిలే టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 అనే వాపు రసాయనాలు తగిలితే ఫైబ్రోబ్లాస్టులు పెరిగి పొర దళసరి అవుతుంది. అవి ఐఎల్-6 అనే మరో వాపు రసాయనాన్నీ, మరిన్ని రోగనిరోధక కణాలను రప్పించే రసాయనాలనూ, మృదులాస్థిని కరిగించే ఎంజైములనూ వదులుతాయి. ఎముకను తొలిచే కణాలను పెంచే ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్ కూడా వీటి నుంచి వస్తుంది. కొత్తగా చేరిన కణాలు మళ్లీ వీటినే ఎగదోస్తాయి.

ఇదంతా రోగనిరోధక కణాల పురమాయింపే కదా అనిపించవచ్చు. కానీ 1996లో రోగుల ఫైబ్రోబ్లాస్టులను మనిషి మృదులాస్థితో కలిపి, టి, బి అనే రోగనిరోధక కణాలు లేని ఎలుకల్లో అమర్చితే, ఆ ఫైబ్రోబ్లాస్టులు వాటంతటవే మృదులాస్థిలోకి చొచ్చుకుపోయాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఎంతోమందికి మేలు చేస్తున్న మాట నిజమే. అయితే అవి తెంచేది ఈ వలయంలో ఒక లంకెనే. నేరుగా ఫైబ్రోబ్లాస్టుల మీద గురిపెట్టే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. కాబట్టి వాపు మిగిలిందని మందు మానెయ్యకండి. ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ వంటివి మీకు సరిపడతాయేమో మీ రుమటాలజిస్టును అడగండి.