సొంత షెల్ రాద్దాం రండి

బీటెక్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ దాకా వచ్చేసరికి సీ లాంగ్వేజ్ వచ్చేసినట్టే అనుకుంటాం. ఫోర్క్ మీద ఒక ప్రోగ్రామ్, పైప్ మీద ఒకటి, సిగ్నల్ మీద ఇంకొకటి విడివిడిగా రాసి, అవుట్‌పుట్ రికార్డులోకి ఎక్కించి, సంతకం పెట్టించుకుంటాం. ఫోర్క్ ఏం రిటర్న్ చేస్తుందని వైవాలో అడిగితే ఠక్కున చెబుతాం. కొత్త ప్రోగ్రామ్ నడపడానికి ఫోర్క్, ఎగ్జెక్ అని రెండు కాల్స్ ఎందుకు, ఒకటి సరిపోదా అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఈ ముక్కలన్నిటినీ కలిపి పనిచేసే వస్తువు ఒకటి కట్టినప్పుడే దానికి జవాబు ఒంటబడుతుంది. ఆ వస్తువు షెల్ అయితే మరీ మంచిది.

టెర్మినల్ తెరవగానే మన కమాండ్ కోసం ఎదురుచూసే ప్రోగ్రామే షెల్. యునిక్స్‌కు మొదటి షెల్‌ను కెన్ థాంప్సన్ రాశారు. 1979లో యునిక్స్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చింది. ఇవాళ లైనక్స్‌లో ఎక్కువగా కనిపించే బ్యాష్‌ను బ్రయాన్ ఫాక్స్ 1989లో విడుదల చేశారు. వీటిలో దేనికీ కెర్నల్ దగ్గర ప్రత్యేక హక్కులు లేవు. మనం రాసే హలో వరల్డ్ ఎలాంటి ప్రోగ్రామో ఇవీ అలాంటివే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం సిస్టమ్స్ కోర్సులో చిన్న షెల్ రాయడం విద్యార్థులకిచ్చే అసైన్‌మెంట్లలో ఒకటి. మన ల్యాబ్‌లోనూ చేయొచ్చు.

కావలసినవి

లైనక్స్ ఉన్న మెషీన్ ఒకటి. విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు డబ్ల్యూఎస్‌ఎల్ చాలు. జీసీసీ, ఏదో ఒక ఎడిటర్, మ్యాన్ పేజీలు ఉంటే సరి. కంపైల్ చేసేటప్పుడు వార్నింగ్‌లన్నీ చూపించే ఆప్షన్లు పెట్టండి. వార్నింగ్ కనిపిస్తే దాన్ని పోగొట్టాకే ముందుకు కదలండి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి రన్ చేసి చూడాలి. మొత్తం రాసేసి ఒకేసారి కంపైల్ చేస్తే తప్పు ఎక్కడుందో వెతకడానికే రోజు గడిచిపోతుంది.

మొదటి మెట్టు: లూప్

ప్రాంప్ట్ చూపించు, ఒక లైన్ చదువు, చదివింది తిరిగి ప్రింట్ చెయ్, మళ్లీ మొదటికి రా. ముందు ఇంతవరకే రాయండి. చదవడానికి గెట్‌లైన్ వాడితే బఫర్ సైజు గురించి బెంగ ఉండదు. కంట్రోల్-డి నొక్కితే గెట్‌లైన్ -1 రిటర్న్ చేస్తుంది, అప్పుడు షెల్ మర్యాదగా ముగియాలి. ప్రాంప్ట్ చివర న్యూలైన్ ఉండదు కాబట్టి ప్రింట్ చేశాక ఎఫ్‌ఫ్లష్ పిలవండి.

రెండో మెట్టు: లైన్‌ను మాటలుగా విడగొట్టడం

ఎస్‌టీఆర్‌టోక్‌తో స్పేస్, ట్యాబ్, న్యూలైన్ దగ్గర తెగ్గొట్టి, ఒక్కో మాట పాయింటర్‌ను ఒక అర్రేలో పెట్టండి. చివర నల్ పెట్టడం మరవొద్దు. మాటలు ఎక్కడితో అయిపోయాయో ఎగ్జెక్‌కు తెలిసేది ఆ నల్ వల్లనే. ఎస్‌టీఆర్‌టోక్ కొత్త కాపీలేమీ చేయదు. అసలు లైన్‌లోనే స్పేస్ ఉన్నచోట సున్నా బైట్ రాసేస్తుంది. అంటే మన పాయింటర్లన్నీ ఆ లైన్‌లోకే చూస్తుంటాయి. పని పూర్తవకముందే లైన్‌ను ఫ్రీ చేస్తే అర్రేలో మిగిలేది చెత్త. ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ కొడితే మొదటి మాటే నల్ అవుతుంది. అప్పుడు నేరుగా లూప్ మొదటికి వెళ్లిపోవాలి.

మూడో మెట్టు: ఫోర్క్, ఎగ్జెక్, వెయిట్

షెల్‌కు గుండెకాయ ఇదే. ఫోర్క్ పిలవగానే మన ప్రోగ్రామ్ రెండవుతుంది. చైల్డ్‌లో 0 వస్తుంది, పేరెంట్‌లో చైల్డ్ నంబర్ వస్తుంది, విఫలమైతే -1. చైల్డ్ ఎగ్జెక్‌వీపీ పిలుస్తుంది. అది పాత్‌లోని డైరెక్టరీలన్నీ వెతికి, ప్రోగ్రామ్ దొరికితే చైల్డ్ లోపలి కోడ్ మొత్తాన్నీ మార్చేస్తుంది. పేరెంట్ వెయిట్‌పిడ్ పిలిచి చైల్డ్ ముగిసేదాకా ఆగుతుంది. వెయిట్ తీసేసి ఒకసారి రన్ చేసి చూడండి. అవుట్‌పుట్ కంటే ప్రాంప్ట్ ముందు వచ్చేస్తుంది. పీఎస్ కొడితే ముగిసిపోయిన చైల్డ్‌లు జాంబీలుగా, డిఫంక్ట్ అన్న గుర్తుతో మిగిలి ఉంటాయి.

ఎగ్జెక్ విజయవంతమైతే మన కోడ్‌కు తిరిగి రాదు. కాబట్టి దాని కింది లైన్‌కు వచ్చామంటే విఫలమైనట్టే. అక్కడ ఎర్రర్ ప్రింట్ చేసి చైల్డ్‌ను 127తో ముగించాలి. కమాండ్ దొరకలేదని చెప్పడానికి బ్యాష్ లాంటి షెల్‌లు వాడే సంఖ్య అది. ముగించేందుకు మామూలు ఎగ్జిట్ కాకుండా అండర్‌స్కోర్ ఎగ్జిట్ వాడండి. లేకపోతే పేరెంట్ నుంచి కాపీ అయిన ప్రింట్ బఫర్‌ను చైల్డ్ కూడా ఖాళీ చేసి, ఒకే అక్షరాలు రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

ఆ ముగింపు లైన్‌ను కావాలనే తీసేసి, లేని కమాండ్ ఒకటి టైప్ చేయండి. ఎర్రర్ వస్తుంది, ప్రాంప్ట్ మామూలుగానే కనిపిస్తుంది. మరో రెండుసార్లు అలాగే తప్పు కమాండ్ ఇచ్చి, బయటికి రావడానికి కంట్రోల్-డి నొక్కండి. మళ్లీ ప్రాంప్టే వస్తుంది! ఎగ్జెక్ విఫలమైన ప్రతిసారీ చైల్డ్ చావకుండా లూప్‌లోకి వచ్చి, తనే ఇంకో షెల్ అయిపోయింది. మూడు తప్పులకు మూడు షెల్‌లు ఒకదాని కడుపులో ఒకటి పుట్టాయి. అసలుదాంతో కలిపి నాలుగుసార్లు ముగిస్తే గానీ బయటపడలేరు. ప్రతి షెల్ ప్రాంప్ట్‌లో తన ప్రాసెస్ నంబర్ చూపించేలా రాస్తే, నంబర్ మారడం కళ్లారా చూడొచ్చు.

నాలుగో మెట్టు: సీడీ

ఇప్పుడు ఎల్‌ఎస్, డేట్, క్యాట్ అన్నీ పనిచేస్తాయి. సీడీ మాత్రం పనిచేయదు. కరెంట్ డైరెక్టరీ అనేది ఒక్కో ప్రాసెస్‌కు సొంతం. చైల్డ్ తన డైరెక్టరీ మార్చుకుని చనిపోతే పేరెంట్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే సీడీని షెల్ తనే, ఫోర్క్ చేయకుండా, సీహెచ్‌డిర్ కాల్‌తో అమలు చేయాలి. ఎగ్జిట్ కమాండ్ సంగతీ అంతే. యునిక్స్‌లోకి ఫోర్క్ తెచ్చిన కొత్తల్లో దాని సృష్టికర్తలకూ ఇదే ఎదురైంది. డైరెక్టరీ మార్చే కమాండ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందని, కారణం వెతికితే ఇదే తేలిందని డెనిస్ రిచీ తర్వాత ఒక వ్యాసంలో రాశారు. కాబట్టి ఇక్కడ తడబడితే నిరుత్సాహపడొద్దు.

ఐదో మెట్టు: అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లించడం

కమాండ్‌లో > గుర్తు వస్తే దాని తర్వాతి మాట ఫైల్ పేరు. ఆ రెంటినీ అర్రే నుంచి తీసేయండి. చైల్డ్‌లో, ఎగ్జెక్‌కు ముందు, ఫైల్‌ను ఓపెన్ చేసి, డూప్2తో ఆ డిస్క్రిప్టర్‌ను 1 స్థానంలో పెట్టి, పాతదాన్ని మూసేయండి. 0 ఇన్‌పుట్, 1 అవుట్‌పుట్, 2 ఎర్రర్. ఎగ్జెక్ కోడ్‌ను మారుస్తుంది గానీ తెరిచి ఉన్న డిస్క్రిప్టర్లను, ప్రత్యేకంగా మూసేయమని చెప్పి ఉంటే తప్ప, ముట్టుకోదు. ఎల్‌ఎస్ ఎప్పట్లాగే 1లోకి రాస్తుంది. ఆ 1 ఇప్పుడు ఫైల్ అయిందన్న సంగతి తనకు తెలియనక్కర్లేదు.

మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇదే. ఫోర్క్‌కు, ఎగ్జెక్‌కు మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో చైల్డ్ ఇంకా మన కోడే నడుపుతుంటుంది. కొత్త ప్రోగ్రామ్ ఎలాంటి పరిసరాల్లో మొదలవ్వాలో మామూలు సీ కోడ్‌తో అక్కడ సర్దుకోవచ్చు. విండోస్‌లో ఇదే పనిచేసే క్రియేట్‌ప్రాసెస్ ఫంక్షన్‌కు 10 ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి. ఫోర్క్‌కు ఒక్కటీ అక్కర్లేదు.

ఆరో మెట్టు: పైప్

ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి తోట గొట్టాల్లా తగిలించగలగాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ 1964లోనే రాసిపెట్టారు. ఆయన పోరగా పోరగా 1973లో థాంప్సన్ దాన్ని యునిక్స్‌లో పెట్టారు.

పైప్ కాల్ రెండు డిస్క్రిప్టర్లు ఇస్తుంది. మొదటిది చదవడానికి, రెండోది రాయడానికి. రెండు చైల్డ్‌లను పుట్టించి, మొదటిదాని 1ని రాసే కొసకు, రెండోదాని 0ను చదివే కొసకు డూప్2తో కలపాలి. తర్వాత మిగిలిపోయిన కొసలన్నీ మూసేయాలి. పేరెంట్‌లో కూడా. ఎల్‌ఎస్ అవుట్‌పుట్‌ను డబ్ల్యూసీకి పంపినప్పుడు అంతా హ్యాంగ్ అయిందంటే, రాసే కొస ఎక్కడో తెరిచే ఉందన్నమాట. ఒక్క కొస తెరిచి ఉన్నా ఇంకా డేటా రావచ్చనే కెర్నల్ అనుకుంటుంది. ఫైల్ ముగిసిందన్న కబురు డబ్ల్యూసీకి అందదు. ఇంకో టెర్మినల్‌లో ప్రాక్ డైరెక్టరీ కింద ఆ ప్రాసెస్ నంబర్‌లో ఎఫ్‌డీ చూడండి. తెరిచి ఉన్న పైప్ అక్కడ దొరికిపోతుంది.

దీనికంటే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటుంది. మొదటి చైల్డ్ ముగిసేదాకా వెయిట్ చేసి, ఆ తర్వాత రెండోదాన్ని పుట్టించడం. 1 నుంచి 10 దాకా ప్రింట్ చేసే సెక్ (seq) 10ని డబ్ల్యూసీకి పంపితే చక్కగా పనిచేస్తుంది. సెక్ 100000 పంపండి, కదలదు. లైనక్స్‌లో పైప్ మామూలుగా 65,536 బైట్లు పడుతుంది. ఆ లక్ష సంఖ్యల అవుట్‌పుట్ 5,88,895 బైట్లు. పైప్ నిండగానే మొదటి చైల్డ్ రాయలేక ఆగుతుంది. ఖాళీ చేయాల్సిన రెండోది ఇంకా పుట్టనే లేదు. కాబట్టి రెంటినీ పుట్టించాకే వెయిట్ చేయండి. చిన్న ఇన్‌పుట్‌తో పాసైన ప్రోగ్రామ్‌ను నమ్మకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ల్యాబ్‌లో దొరకదు.

ఏడో మెట్టు: కంట్రోల్-సి

స్లీప్ 100 నడుస్తుండగా కంట్రోల్-సి నొక్కితే స్లీప్‌తోపాటు మన షెల్ కూడా పోతుంది. కంట్రోల్-సి నొక్కగానే టెర్మినల్ ఒక సిగ్నల్‌ను ముందువరసలో ఉన్న ప్రాసెస్ గ్రూపు మొత్తానికీ పంపడమే కారణం. షెల్‌లో ఆ సిగ్నల్‌ను ఇగ్నోర్ చేయండి. ఇప్పుడు షెల్ బతుకుతుంది గానీ స్లీప్ కూడా చావదు. ఇగ్నోర్ చేసిన సిగ్నల్ ఎగ్జెక్ దాటినా ఇగ్నోర్‌గానే ఉంటుంది. చైల్డ్‌లో, మళ్లీ ఆ ఫోర్క్-ఎగ్జెక్ మధ్య జాగాలోనే, సిగ్నల్‌ను డిఫాల్ట్‌కు మార్చండి. సమస్య తీరుతుంది.

ఎనిమిదో మెట్టు: లైన్లు తీసి చూడటం

షెల్ నడుస్తోంది కదా అని రికార్డు రాయడానికి కూర్చోకండి. ముఖ్యమైన ఒక్కో లైన్‌ను కామెంట్ చేసి, ఏం చెడిపోతుందో ముందుగా కాగితం మీద రాయండి. తర్వాత రన్ చేయండి. మీ ఊహకు, జరిగినదానికి తేడా వస్తే ఆ లైన్ మీకింకా రానట్టే. మ్యాన్ పేజీ తెరవండి, ఎస్‌ట్రేస్‌తో నడిపి ఏ ప్రాసెస్ ఏ కాల్ పిలిచిందో వరసగా చూడండి. అన్ని లైన్లకూ ఊహ సరిపోయాక & గుర్తుతో బ్యాక్‌గ్రౌండ్‌లో నడపడం, రెండుకు మించిన కమాండ్లను పైప్‌లతో కలపడం మీరే చేయగలరు.

సీనియర్ల రికార్డు చూసి ఎక్కించిన ప్రోగ్రామ్‌కు మార్కులు పడొచ్చు. కానీ పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ వచ్చే ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్‌ను ఫోర్క్ చేస్తుంది. రేపు ఉద్యోగంలో అలాంటి సర్వర్ ఏదైనా హ్యాంగ్ అయితే, ఏ ప్రాసెస్ ఎవరి కోసం ఎదురుచూస్తోంది, ఏ కొస తెరిచి ఉంది అని అడగడం రావాలి. సొంత షెల్ రాసినవాళ్లకు ఆ ప్రశ్నలు ముందే తెలుసు.