గర్భవతి బరువు – కుటుంబం బాధ్యత

"కడుపుతో ఉన్నావు, ఇద్దరి తిండి తినాలమ్మా" అని అత్తగారు కొసరి కొసరి వడ్డిస్తారు. "ఇప్పటికే లావుగా ఉంది, ఇంకా తింటే కాన్పు కష్టం" అని ఇంకొకరు కంచంలో అన్నం తగ్గిస్తారు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. కానీ అధిక బరువుతో గర్భం దాల్చిన స్త్రీకి ఈ రెండూ మేలు చేయవు. ఆమెకు ఏమి కావాలో తెలుసుకుందాం.

ఎవరికి జాగ్రత్త అవసరం?

గర్భానికి ముందున్న బరువును, ఎత్తును బట్టి వేసే లెక్కను బి.ఎం.ఐ. అంటారు. ఇది 30 లేక అంతకు మించితే స్థూలకాయం. ఉదాహరణకు 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 68 కిలోలు ఉంటే ఈ కోవలోకి వస్తుంది. ఇలాంటి వారికి గర్భంలో బి.పి., షుగరు రావడం, బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టం కావడం, ఆపరేషన్ అవసరపడటం ఇతరులకంటే ఎక్కువ. అందరికీ వస్తాయని కాదు. ముందుగా కనుక్కుంటే చాలావరకు అదుపు చేయవచ్చు.

ఎంత బరువు పెరగాలి?

మామూలు బరువున్న స్త్రీ తొమ్మిది నెలల్లో 11.5 నుండి 16 కిలోలు పెరగాలని, స్థూలకాయం ఉన్న స్త్రీకి 5 నుండి 9 కిలోలు చాలని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో సూచించింది. బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పెరిగే రక్తం అందరికీ కావలసినవే. పాలిచ్చే రోజుల కోసం శరీరం దాచుకునే కొవ్వు మాత్రం ఈమెలో ముందే ఉంది. అందుకే తక్కువ పెరిగినా చాలు. నాలుగో నెల నుండి నెలకు సుమారు ఒక కిలో పెరిగితే సరిపోతుంది.

బరువు తగ్గించే మందులు, పస్తులు గర్భిణికి తగవు. శ్రమల దినాల్లో ఉపవాసం ఉండాలనుకుంటే డాక్టరుగారిని అడగండి. ప్రార్థనలో ఆమెను కలుపుకోండి, పస్తు మాత్రం పెట్టకండి.

ఇంట్లో ఏమి చేయాలి?

• కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు అన్నం లేక జొన్నరొట్టె. మిగతా పావు పప్పు, గుడ్డు లేక చేప.
• రెండు పూటలు కడుపునిండా కాక, మూడు పూటలు మితంగా, మధ్యలో ఉడికించిన శనగలు, మజ్జిగ, ఒక పండు ఇవ్వండి.
• కూల్ డ్రింకులు, బజ్జీలు, బేకరీ తిండి ఇంటికి తేకండి. సీమంతానికి వచ్చిన స్వీట్లు అందరికీ పంచండి.
• డాక్టరుగారు వద్దనకపోతే రోజూ అరగంట నడవాలి. మొదట పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. భర్త తోడుగా నడిస్తే మంచిది.
• ఆమె లావును ఎగతాళి చేయకండి. మాటలు పడిన స్త్రీ సిగ్గుపడి తూకానికి, పరీక్షకు రావడం మానేస్తుంది. అది తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

ఆసుపత్రిలో

ప్రతిసారీ బరువు, బి.పి. చూపించండి. షుగరు పరీక్ష మొదటిసారి వచ్చినప్పుడు, మళ్లీ 24–28 వారాల మధ్య చేయించాలి. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు షుగరు 140 లేక ఎక్కువ ఉంటే వైద్యం అవసరం.

వెంటనే తీసుకురండి

తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు, పొట్ట పైభాగంలో నొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి.

కాన్పు తర్వాత

బిడ్డకు తల్లిపాలే పట్టించండి. బాలింతకు నెయ్యి ఎక్కువ పోసి పెట్టనవసరం లేదు. పై కాన్పుకు ముందు బరువు కొంత తగ్గినా ఎంతో మేలు.

గర్భవతి తినే తిండి ఇంటి వంటగదిలోనే తయారవుతుంది. కనుక ఇంటిల్లిపాదీ అదే ఆహారం తినండి. దేవుడు మీ ఇంటి తల్లినీ బిడ్డనూ కాపాడునుగాక.