సందేహాలు - సమాధానాలు: వేడి బొగ్గుది, వాసన చెక్కది

ప్రశ్న: మా బావమరిది నాసిక్‌లో వైన్ తయారుచేసే చోట పనిచేస్తాడు. అక్కడ వాడేసి పక్కన పెట్టిన ఓక్ పీపాల చెక్కలు కొన్ని తెచ్చిచ్చాడు. వీటిని బొగ్గు చేసి మాంసం కాలిస్తే వైన్ రుచి పడుతుందా?
- ఒక పాఠకుడు, సత్తుపల్లి

జవాబు: బొగ్గు చేస్తే పడదు. కట్టెలోని వాసనంతా ఆవిరిగా, పొగగా పోయాక మిగిలేదే బొగ్గు. మీరు ఏ వాసన కోసం ఆశపడుతున్నారో అది బట్టీ దగ్గరే గాలిలో కలిసిపోతుంది. అంత మంచి చెక్కను అలా పోగొట్టుకోకండి.

చెక్కను చెక్కగానే వాడండి. మామూలు బొగ్గు రాజేసి, నిప్పుల మీద తెల్లగా నివురు పట్టాక, అరచేతిలో సగం ఉండే ఓక్ ముక్కలు రెండు అంచున పెట్టి మూత వేయండి. పల్చటి పొగ వస్తుంది, అది చాలు. దట్టంగా తెల్లటి పొగ కమ్మితే మాంసం చేదెక్కుతుంది, మూత కొంచెం తీసి గాలి ఆడనివ్వండి. వైన్ చెక్కలోకి ఇంకేది కొద్ది మిల్లీమీటర్లే. కాబట్టి మీకు దక్కేది ఎక్కువగా ఓక్ పొగ వాసనే, అదీ బాగుంటుంది. పీపా చేసేటప్పుడు పలకలను సెగ మీద వంచి, లోపలి వైపు దోరగా కాలుస్తారు. ఆ కాల్పు వల్ల చెక్కలో వనిల్లాను తలపించే పరిమళం పుడుతుంది. కొన్నేళ్లు వైన్ నిలవుంచాక ఆ పరిమళం తగ్గిపోయి, పీపాలు పక్కకు చేరతాయి.

కాల్చే ముందు ఇనుప పట్టీలు పూర్తిగా తీసేయండి. వాటికి జింకు పూత ఉంటుంది, నిప్పులో పడితే ఆ పొగ ఊపిరితిత్తులకు హాని. లోపలి పొరను బాడిసతో పల్చగా చెక్కేయండి. ఖాళీ పీపాలకు బూజు పట్టకుండా లోపల గంధకం వెలిగిస్తుంటారు. హోటళ్లలో అలంకారానికి పెట్టి వార్నిష్ పూసిన పీపాలైతే అసలు ముట్టుకోవద్దు.

ప్రశ్న: సాయంత్రం పూట చికెన్ కాల్చి అమ్ముతాను. ఓక్ బొగ్గే గొప్పదని విన్నాను. మన దగ్గర దానికి సాటి వచ్చేది ఉందా?
- కొత్తగూడెం

జవాబు: జపాన్‌లో బించోతాన్ అనే పేరున్న బొగ్గు ఓక్ జాతి కట్టెతోనే చేస్తారు. దాని గొప్ప కట్టెది కొంత, ఓపికగా కాల్చే పనితనానిది ఎక్కువ. ఇక మన సర్కారు తుమ్మనే తీసుకోండి. అమెరికా వాళ్లు మాంసం కాల్చడానికి ఇష్టపడే మెస్కీట్‌కు అది దగ్గరి చుట్టం. బరువైన బొగ్గు, నిలకడైన వేడి. నల్లతుమ్మ బొగ్గును కొలిమి పనివాళ్లు ఊరికే మెచ్చుకోలేదు. అశ్వారావుపేట వైపు కొబ్బరి చిప్పలు దొరుకుతాయి, వాటి బొగ్గు తక్కువ పొగతో చాలాసేపు మండుతుంది. మీ బండికి నేను చెప్పే మొదటి మాట అదే.

సారపాక కాగితం మిల్లు కోసం పెంచే సుబాబుల్, జామాయిల్ కొట్టాక పొలంలో మిగిలే కొమ్మలు కూడా పనికొస్తాయి. మామిడి బొగ్గు త్వరగా అంటుకుని త్వరగా అయిపోతుంది. జీడిపిక్కల పెంకు మాత్రం వద్దు, అందులోని నూనె చర్మాన్నే కాలుస్తుంది, దాని పొగ కళ్లకూ గొంతుకూ మంట. మిరప కట్టె, పత్తి కట్టె కూడా వద్దు, వాటి మీద ఎన్ని మందులు కొట్టి ఉంటారో మీకు తెలుసు.

ప్రశ్న: డ్రమ్ములో బొగ్గు చేస్తే సగం బూడిదే మిగులుతోంది. లోపం ఎక్కడ?
- దమ్మపేట రైతు

జవాబు: మూత ఆలస్యంగా వేస్తున్నారు. 200 లీటర్ల డ్రమ్ము అడుగున బొటనవేలు పట్టే రంధ్రాలు నాలుగైదు పెట్టి, మూడు ఇటుకల మీద నిలబెట్టండి. పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్ము పనికిరాదు. మణికట్టు లావున, ఒకే తీరుగా ఉండే ఎండు కట్టెలు నింపి పైనుంచి ముట్టించండి. పచ్చి కట్టె వేస్తే దాని నీళ్లు ఆవిరి కావడానికే సగం కట్టె కాలిపోతుంది.

ఇక పొగనే చూస్తూ ఉండాలి. మొదట వచ్చే దట్టమైన తెల్లటి పొగ నీటి ఆవిరి. తర్వాత పసుపుగా, ఘాటుగా మారుతుంది, అది తారు. అదీ తగ్గి పొగ పల్చబడి నీలంగా మారిందంటే బొగ్గు తయారైనట్టే. ఇంకా ఆగితే మండేది మీ బొగ్గే. అప్పుడే ఇటుకలు లాగి, డ్రమ్మును నేలకు దించి, అడుగు చుట్టూ మట్టి ఎగదోసి, మూత వేసి, అంచుల్ని తడి బంకమన్నుతో మెత్తండి. మర్నాటి దాకా తెరవొద్దు. గాలి తగిలితే చల్లగా కనిపించే బొగ్గు కూడా మళ్లీ రాజుకుంటుంది. అందుకే బయట పరిచి ఒక రోజు కనిపెట్టుకుని ఉన్నాకే సంచులకెత్తండి.

డ్రమ్ములో 100 కిలోల ఎండు కట్టెకు 20 కిలోల బొగ్గు వస్తే మంచి పని చేసినట్టే. ముక్కను ముక్కతో కొడితే ఖంగుమనాలి. విరిస్తే లోపల గోధుమ రంగు కనిపించిందంటే సగమే కాలింది, దాన్ని తర్వాతి విడతలో వేయండి. ఎండాకాలం అడవి అంచు పొలాల్లో ఈ పని పెట్టుకోకండి. రాలిన ఆకు మీద ఒక్క నిప్పురవ్వ పడితే గుట్ట మొత్తం అంటుకుంటుంది.

ప్రశ్న: చెట్టు మాది, పొలం మాది. బొగ్గు చేసి ఏటపాక అవతలికి పంపడానికి అనుమతి ఎందుకు?
- భద్రాచలం

జవాబు: 1967 నాటి అటవీ చట్టం బొగ్గును అడవి నుంచి వచ్చినా రాకపోయినా అటవీ ఉత్పత్తిగానే లెక్కిస్తుంది. కాబట్టి చెట్టు మీదైనా బొగ్గు బండెక్కేసరికి కాగితం అడుగుతారు. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా చూడాలి. పైగా 2014 నుంచి ఏటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, మీ సరుకు రాష్ట్రం దాటుతోంది. కట్టె కొట్టకముందే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడగండి.

అడవి కట్టెను మాత్రం దీనికి తాకొద్దు. కోయ ఇళ్లకు ఇప్పపువ్వు ఇచ్చే చెట్టును ఒక పూట బొగ్గు కోసం నరకడం అన్యాయం. పొలం గట్ల మీద కట్టె మనకు కావలసినంత ఉంది.

ప్రశ్న: బొంగులో చికెన్‌కు ఓక్ పొగ పట్టించవచ్చా? వానాకాలం వరండాలో తలుపులు మూసుకుని చేసుకోవచ్చా?
- పాల్వంచ

జవాబు: ఆకుతో మూతి బిగించిన పచ్చి బొంగులోకి బయటి పొగ దూరదు. ముక్క ఉడికేది లోపలి తడితోనే, రుచి ఇచ్చేది వెదురే. ఓక్ ముక్కలు అక్కడ దండగ. మామూలు నిప్పుల మీద బొంగును తిప్పుతూ కాల్చండి.

మూసిన చోట మాత్రం వద్దే వద్దు. పొగ కనిపించకపోయినా బొగ్గు నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాన పడితే నాలుగు పక్కలా తెరిచి ఉన్న రేకుల పందిరి కింద చేసుకోండి. ఎవరికైనా తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే వెంటనే బయటి గాలిలోకి తీసుకొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి.